బస్సు డ్రైవర్‌కి బుకర్ ఎందుకండీ?

సాహిత్యం బాగు కోరేవాళ్లెవరూ 1994ని మరిచిపోకూడదు. ఆ ఏడాది బుకర్ ప్రైజుని, దాంతోపాటు 20,000 పౌండ్లనీ తీసుకెళ్లి జేమ్స్ కెల్మన్ చేతిలో పెట్టారు. పదిహేనేళ్లకే బడి మానేసి, ఒకప్పుడు గ్లాస్గోలో బస్సు నడిపిన మనిషి. స్కాట్లాండ్ రచయితకి బుకర్ రావడం అదే మొదలు. వచ్చి వచ్చి ఇతనికే రావాలా?

పేదల కథలంటే మనకు పడదనుకోకండి. చాలా ఇష్టం. కాకపోతే దానికో పద్ధతుంది. కూలివాడు తన యాసలో రెండు ముక్కలు మాట్లాడతాడు, వాటిని కొటేషన్ మార్కుల్లో పెడతాం. మిగతాదంతా చదువుకున్న రచయిత శుభ్రమైన ఇంగ్లీషులో నడిపిస్తాడు. అపార్ట్‌మెంట్లో పనివాళ్లకి వేరే లిఫ్టు ఉన్నట్టు, ఎవరికీ ఇబ్బంది లేని ఏర్పాటు. కెల్మన్ ఆ కొటేషన్ మార్కులే పీకేశాడు. కథ చెప్పేవాడూ పాత్రా ఒకే గ్లాస్గో యాసలో మాట్లాడుతుంటే, పాఠకుడు ఎవరి మీద జాలిపడాలి?

ప్రైజొచ్చిన 'హౌ లేట్ ఇట్ వాజ్, హౌ లేట్'నే చూడండి. జైలుకెళ్లొచ్చిన సామీ పోలీసులతో కలబడి, తన్నులు తిని, లాకప్పులో కళ్లు తెరుస్తాడు. చూపు లేదు. ఇక ఆఫీసుల చుట్టూ తిరుగుడే. చూపు పోయిందన్న ఒక్క మాట డాక్టరు చేత అనిపించడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ఆ డాక్టరు మాత్రం ఎంత చక్కగా మాట్లాడతాడో! బూతు లేదు, యాస లేదు, సాయం కూడా లేదు. ఆయన చేతే కథ చెప్పించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఒక బూతుమాట దాదాపు 4,000 సార్లు వచ్చిందని పత్రికలవాళ్లు లెక్కగట్టారు. ఏ నవలనీ ఇంత శ్రద్ధగా చదివి ఉండరు. జడ్జీల్లో ఒకరైన జూలియా న్యూబర్గర్ ఇది సిగ్గుచేటన్నారు. టైమ్స్ కాలమిస్టు సైమన్ జెంకిన్స్ సాహిత్య విధ్వంసమన్నారు. వాళ్లు అన్నది శుభ్రమైన ఇంగ్లీషులో కాబట్టి తిట్టు కిందికి రాదు.

ప్రైజు తీసుకుంటూ కెల్మన్, తన భాషకీ సంస్కృతికీ ఉండే హక్కుందన్నాడు. వద్దని ఎవరన్నారు? బస్సులో ఉండొచ్చు, పబ్బులో ఉండొచ్చు. పుస్తకాల బీరువాలోకి ఎక్కుతానంటేనే కదా టెన్షన్.

పోనీ ఆ తర్వాతైనా ఊరుకున్నాడా? 2009లో ఎడిన్‌బరో పుస్తకాల పండగలో మళ్లీ నోరు చేసుకున్నాడు. నోబెల్ ఇచ్చే పని స్కాట్లాండుకి అప్పగిస్తే డిటెక్టివ్ నవలలవాళ్లకో, కుర్ర మాంత్రికుల కథలవాళ్లకో ఇచ్చేస్తుందట. ఇస్తే తప్పేంటి? డిటెక్టివ్ నవల్లో పోలీసు కేసు తేలుస్తాడు. ఇతని నవల్లో పోలీసే కేసు.