నాకంటే ముందే డాక్టరైపోయిన లాగ్‌బుక్‌కి

డియర్ లాగ్‌బుక్,

బాగున్నావా? బాగోకేం, నీకేం తక్కువ. నీ పేజీలు తిరగేస్తే నేను కాథెటర్ వేసేశాను, కుట్లేసేశాను, హెర్నియా పేషెంట్‌ని దగ్గమని కాఫ్ ఇంపల్స్, అంటే దగ్గితే ఉబ్బు బయటికి తోసుకొస్తోందా అని కూడా చూసేశాను, అన్నిటికీ ఎదురుగా 'ఎం' అని ఉంది, ఎం అంటే మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్ అంట. ఎవరి ఎక్స్‌పెక్టేషన్సో రాయలేదు. మా అమ్మవైతే కాదు, మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మామ్మకి ఇంజెక్షన్ చెయ్యవే అంది, నేనెళ్లి వీధి చివర ఆరెంపీ గారిని పిలుచుకొచ్చాను. ఎంబీబీఎస్ ఫైనలియర్, పార్ట్ టూ. మామ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

2019 బ్యాచ్ నుంచి కదా నువ్వు మా నెత్తినెక్కింది. ఊరికే బట్టీ కొట్టి పాసైపోతే కుదరదు, చేసి చూపించాలి అని నిన్ను పెట్టారు, ఆ మాట తప్పని నేననను. ఒక్కో పనికీ ఒక నంబరు, తేదీ, మొదటిసారా మళ్లీనా, ఎలా చేసింది, సార్ సంతకం, చివర్లో ఫీడ్‌బ్యాక్ అందిందని నా సంతకం. ఈ ఆఖరి గడంటే నాకు ప్రాణం. పేజీ తర్వాత పేజీ అందింది అందింది అని పెట్టుకుంటూ పోయాను గానీ నిజంగా అందింది ఒక్కటే, "ఎవరమ్మా నువ్వు, మా యూనిట్టేనా?" అని.

సర్జరీ పోస్టింగ్ ఆఖరి రోజు గుర్తుందా? ఇరవై మందిమి మిమ్మల్ని దొంతర పెట్టి డ్యూటీ రూమ్‌లో పీజీ అన్న ముందు పడేశాం, అన్న ఓ చేత్తో సమోసా ఇంకో చేత్తో సంతకం, చూడకుండానే పేజీ తిప్పుతున్నాడు, పాపం రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి, ఆయన్ని అని ఏం లాభం. హైడ్రోసీల్, అంటే వృషణం చుట్టూ నీరు చేరిన కేసు దగ్గర గది చీకటి చేసి, ఎక్స్‌రే ఫిల్మ్ గొట్టంలా చుట్టి ఓ పక్క ఆనించి, అవతలి పక్క నుంచి టార్చ్ వేస్తే ఎర్రగా వెలుగుతుందంట. ఆ ఎరుపు ముందు వరసోళ్లు చూశారు. మూడో వరసలో నాకు కనపడింది సార్ బట్టతల, అది కూడా బాగానే వెలిగింది. నీలో మాత్రం ముగ్గురికీ నలుగురికీ కాదు, అందరికీ ఎరుపే.

మెడిసిన్‌లో స్ప్లీన్ కేసు, అదే ప్లీహం వాచిన కేసు, అంతకన్నా ఘోరం. ఒక్క మనిషి, ఇరవై చేతులు, ఊపిరి పీల్చు వదులు పీల్చు వదులు, తొమ్మిదో వాడొచ్చేసరికి అతను దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇరవయ్యో రోల్ నంబర్‌కి కూడా స్ప్లీన్ తగిలిందని నువ్వు ఒప్పుకున్నావు, గోడలోంచి తగిలిందేమో మరి.

సరే అసలు విషయానికొస్తా. మేల్ వార్డులో మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తాత ఒకాయన ఉండేవాడు, కవిటి వైపు. ఐఎం 10 అని, ఐఎం అంటే మెడిసిన్, నీ దగ్గర నంబరుందే, కిడ్నీలు, ఆ నంబరు మాకు పుస్తకంలో కన్నా బస్సు దిగి ముందొస్తుంది, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, అక్కడ ఇన్నేళ్లుగా ఇంతమందికి కిడ్నీలెందుకు పోతున్నాయో ఇప్పటికీ తేలలేదు. తాతకి డయాలసిస్ నడుస్తోంది, ఎడమ చేతికి ఫిస్టులా, డయాలసిస్ సూదుల కోసం సిరనీ ధమనినీ కలిపి కుట్టిన చోటు. మేమెళ్తే తనే చెయ్యి చాపేవాడు, "ఇక్కడ ఎట్టు డాక్టరమ్మా, గుర్రుమంతాది" అని. నిజంగానే వేళ్ల కింద పిల్లి గురక పెట్టినట్టుంటుంది, థ్రిల్ అంటే ఏంటో నాకు అప్పుడు తెలిసింది.

ఆ వారం తాతకి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. కుడి వీపు మీద వేలు పెట్టి వేలితో తడుతున్నా, పైనా అదే చప్పుడు, కిందా అదే చప్పుడు, నా చెవికి అంతా టకటకే. తాతకి చిరాకేసింది. "ఏటమ్మా అలగ భయపడతన్నావు, కొబ్బరికాయ తట్టినట్టు తట్టు, వేలు గట్టిగా ఆనించు" అన్నాడు, జన్మంతా కొబ్బరికాయల బేరం చేసిన మనిషి. మళ్లీ పై నుంచి మెల్లగా దిగాను. భుజం ఎముక కింద ఒక చోట చప్పుడు చచ్చిపోయింది, రాయిని తట్టినట్టు. నేను నోరు తెరిచేలోపే తాత అన్నాడు, "మీద గుల్ల, కింద నీరు. ఇంతేనేటి మీ డాక్టరీ?"

తర్వాత తెలిసింది, ఇలా తట్టి చూడొచ్చని 1761లో రాసిన ఆస్ట్రియా డాక్టరు ఔవెన్‌బ్రుగర్ సత్రం నడిపే వాళ్లబ్బాయంట, పీపాలో ఎంతుందో తట్టి చూసేవాళ్లు కదా, అక్కణ్ణుంచి వచ్చిన ఆలోచన అంటారు. పీపా అయితేనేం, కొబ్బరికాయ అయితేనేం.

ఆ రోజు నీలో ఈ తట్టి చూసే పని గడి నేనే నింపుకున్నా, సంతకం లేకుండా. తాత నిన్ను అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బుక్కు బరువుగున్నాది" అని ఇచ్చేశాడు. ఆయన తలకి రాసుకున్న కొబ్బరినూనె నీ పేజీకి అంటుకుంది, బొటనవేలంత మరక.

ఇవాళ డిపార్ట్‌మెంట్‌లో నిన్ను చూసి, ఈ పేజీ పాడైంది, వేరే పేజీ పెట్టి ఫెయిర్ చేసి సంతకం పెట్టించుకుని రా అన్నారు. పీజీ అన్న నైట్ డ్యూటీ దిగి పడుకున్నాడు. ఏడు రోడ్ల జంక్షన్‌లో జిరాక్స్ షాపు భోజనాల టైమని మూసేశాడు. షట్టర్ ముందు కూర్చుని నీకిది రాస్తున్నా, మరక పేజీ చింపి సంచిలో పెట్టుకున్నాను, నువ్వు బాధపడకు, నీకు కొత్తది కుట్టిస్తా.

ఇట్లు,
ఫీడ్‌బ్యాక్ అందినట్టు సంతకం చేసిన
మూడో వరస పిల్ల