ఇంకో చుట్టు తిరిగి వచ్చుంటే సరిపోయేది

శిక్షణ విమానం దిగేటప్పుడు రన్‌వే మీద మూడుసార్లు ఎగిరిపడి ముందు చక్రం విరిగిందని మీ వార్తలో రాసి, పైలట్ తప్పిదం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ తప్పు ఏంటో కూడా రాసుంటే బాగుండేది సార్. మా చిన్నాయన కొడుకు సెస్నా 172 అనే చిన్న విమానం మీద ట్రైనింగ్ అయ్యాడు, పండక్కి రేణిగుంట వచ్చినప్పుడు మిద్దె మీద కూర్చొని చెప్పాడు. దిగేటప్పుడు దానికి సుమారు 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు చాలంట, అంతకు మించి వేగంగా వస్తే చక్రాలు నేలకు తగిలినా రెక్కలు ఇంకా పైకి లేపుతూనే ఉంటాయి, బండి గంతేస్తుంది. అప్పుడు కంగారుపడి ముక్కు కిందికి తోశామా, ముందు చక్రం మీద పడి మళ్లీ ఇంకా ఎత్తుకు ఎగురుతుంది. చెంబు మూతను నేల మీద టక్, టక్, టక్ అని కొట్టి చూపించాడు, మూడోసారికి మా అవ్వ ఉలిక్కిపడింది! ఫుల్ పవర్ ఇచ్చి పైకి లేచిపోయి ఇంకో చుట్టు తిరిగి రావాలి, అంతే అన్నాడు.

ఆ ‘అంతే’ దగ్గరే అనుభవం ఉన్నవాళ్లూ దెబ్బతిన్నారు. 2010లో మంగళూరు విమాన ప్రమాదంలో కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్, అంటే దిగకుండా పైకి లేచిపోదాం, అన్నా కెప్టెన్ దించడానికే చూశాడని విచారణలో తేలింది, 158 మంది పోయారు. అది పెద్ద విమానం, కానీ మొండితనం ఒకటే. (మా ఊళ్లో విమానం కిందిదాకా వచ్చి మళ్లీ లేచిపోతే ‘చేతకాలేదు రా వీడికి’ అని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.) మీరు రాసిన ఈ శిక్షణ విమానం కుర్రాడు బతికి బయటపడ్డాడు, సంతోషం. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడా లేడా, అది రాయండి ముందు.