ఒక్క పొదకు రెండు లక్షల డాలర్లా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెనకు వెళ్లే రహదారిని తిరగకడుతున్న రోజులవి. అడ్డొచ్చిన చెట్టూ చేమా కొట్టేశాక, 2009 అక్టోబరులో, వాహనాలు దూసుకుపోయే దారుల నడుమ నేలబారుగా పాకిన పొద ఒకటి కంటపడింది. అది ఫ్రాన్సిస్కన్ మంజనీటా. తెల్లని, లేత గులాబీ రంగు పూలు బుల్లి కుండల్లా వేలాడే ఈ తీరప్రాంతపు మొక్క సహజ ఆవాసంలో 1940లలోనే అంతరించిందని శాస్త్రవేత్తలు తీర్మానించారు. 2010 జనవరిలో దాన్ని వేళ్లను పట్టుకున్న మట్టితో సహా పెకలించి, ప్రెసిడియో పార్కులో నాటారు. తొక్కేస్తారని, ఎత్తుకుపోతారని ఆ చోటు ఎక్కడో బయటికి చెప్పలేదు.

మొత్తం ఖర్చు దాదాపు రెండు లక్షల డాలర్లు. ఇదే జాతి మొక్క నర్సరీలో 16 డాలర్లకు దొరుకుతుంటే ఈ దుబారా ఏమిటని విమర్శకులు ఎద్దేవా చేశారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ నర్సరీలో అమ్మేవి, నగరంలో ఈ పొదలు పెరిగిన లారెల్ హిల్ శ్మశానాన్ని చదును చేసి ఇళ్లు కట్టినప్పుడు కొందరు మొక్కల ప్రేమికులు దక్కించుకున్న కొద్దిపాటి మొక్కల వారసులు. కొమ్మ కత్తిరించి నాటితే వచ్చేది తల్లిమొక్కకు నకలే. నకళ్లు వేలల్లో ఉన్నా ఒక్క తెగులుకు అన్నీ ఒకే తీరున లొంగుతాయి. పైగా కుండీ మట్టిలో నక్కి ఉండే ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు తెగులు నర్సరీ మొక్కలతో పాటే సహజ ఆవాసంలోకి చొరబడుతుంది. చవకగా వచ్చిందని తెచ్చి నాటితే, ఉన్న ఒక్కదానికీ ముప్పే.

అందుకే ఆ ఖర్చును మేము తప్పుపట్టడం లేదు. తప్పుపట్టేది జాగును. 2012లో ఈ మొక్కను అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. మరుసటి ఏడాది నగరంలో సుమారు 230 ఎకరాలను దాని కీలక ఆవాసంగా గుర్తించారు. అప్పటికే పోషకాలు తక్కువగా ఉండే సర్పెంటైన్ రాతినేలలు, అంటే ఈ పొదకు అచ్చివచ్చే నేలలు, చాలావరకు భవనాల కిందికి వెళ్లిపోయాయి. అదే పార్కులో రావెన్స్ మంజనీటా అనే దగ్గరి బంధువు 1979 నుంచీ జాబితాలో ఉంది. సహజంగా మొలిచి మిగిలినది నేటికీ ఒక్క మొక్కే. జాబితాకెక్కితే చాలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు కావలసినవి కొత్త గింజలు, వాటి నుంచి వచ్చే కొత్త మొక్కలు. వేర్వేరు మూలాల మొక్కలను పక్కపక్కన పెంచితేనే తేనెటీగలు పుప్పొడిని కలుపుతాయి. అందులోనూ ఒక చిక్కుంది: మంట ఈ పొదను చంపుతుంది, నేలలో నిద్రపోయే దాని గింజను లేపుతుంది. నగరం నడిబొడ్డున నిప్పు పెట్టలేరు కాబట్టి గింజలకు పొగ, వేడి తగిలించి మొలిపించాలి. ఆ మొక్కలను పెంచే నర్సరీల్లో తెగులు పరీక్షలు తప్పనిసరి చేయాలి. నాటిన చోట ఏటేటా కలుపు తీయాలి. పొదను తరలించే పనికి నిధులు దొరికాయి. ఇరవై ఏళ్లపాటు కలుపు తీసే మనుషుల జీతాలకు కూడా రహదారి ప్రాజెక్టుల బడ్జెట్‌లోనే పద్దు కేటాయించాలి.