మట్టిలో ఆడకు బావూ, మట్టి కొనిస్తాను

రెండేళ్ల పిల్లలకి మట్టి అంటనివ్వకూడదు. అంటించక తప్పదంటే ఆ మట్టిని డబ్బు పెట్టి కొనాలి. ఇంత చిన్న సూత్రం ఇంకా బుర్రకెక్కని తల్లిదండ్రులు శ్రీకాకుళంలో కొందరు మిగిలిపోయారని తెలిసి, వాళ్ల మేలు కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఇసుక సంగతి. ఊరి మధ్యలోంచి నాగావళి పోతోంది. ఎండాకాలం అందులో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అలాగని గుంటడిని తీసుకెళ్లి అందులో వదిలేస్తామా? బట్టలు ఏం కావాలి? తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు? అందుకే చదువుకున్నవాళ్లు ఆన్‌లైన్‌లో రంగు ఇసుక తెప్పిస్తున్నారు. నీలం, గులాబీ రంగుల్లో, చేతికి అంటకుండా, చిన్న డబ్బాలో వస్తుంది. వాడు దాన్ని కాసేపు పిసుకుతాడు, అమ్మ వీడియో తీస్తుంది, పావుగంటలో డబ్బా బీరువా మీదికెక్కుతుంది. ఇసుక మాసిపోకూడదు కదా. (ఏట్లో ఇసుక ఎవరిదన్నది రాజకీయం, అందులోకి నేను దిగను.)

ఆదివారం కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్తే మాత్రం తప్పు లేదు. వంశధార సముద్రంలో కలిసేచోటు, లైట్‌హౌస్, అన్నీ చూపించవచ్చు. చంక దించకూడదు, అంతే.

ఇంట్లో అసలు టెన్షన్ వంటగట్టు కింద స్టీలు గిన్నెల అరతో. రెండేళ్లవాడు దాని తలుపు లాగాడంటే సామానంతా నేలమీదే. కాళ్లు బారజాపి మధ్యలో కూర్చుంటాడు. చిన్న మూత తీసి పెద్ద గిన్నె మీద పెడతాడు. అది లోపలికి జారి ఠంగుమంటుంది. వాడు తొంగి చూస్తాడు. మళ్లీ అదే మూత, అదే గిన్నె, అదే ఠంగు. ఈసారి మూతని బోర్లించి చూస్తాడు. నాలిక కొస పెదవుల మధ్య బిగించి, ఒక్కో గిన్నే దగ్గరికి లాక్కుంటూ పోతాడు. చివరికి పాలగిన్నె మీద ఆ మూత సరిగ్గా కూర్చోగానే, ఎవరైనా చూశారా అని తలెత్తి చుట్టూ వెతుకుతాడు.

చూడకేం, చూస్తారు. తల్లి పరుగున వచ్చి గిన్నెలు సర్దేసి, పిల్లలు తెరవలేని క్లిప్పొకటి ఆ తలుపుకి బిగించి, ఏడుస్తున్నవాడి చేతిలో ఫోన్ పెడుతుంది. అందులో ఏనుగొచ్చి ‘బిగ్’ అంటుంది, చీమొచ్చి ‘స్మాల్’ అంటుంది. చదువంటే అదీ. పాలగిన్నె దగ్గర తెలుసుకున్న పెద్దా చిన్నా రేపు ఏ ఎల్‌కేజీ ఇంటర్వ్యూలో పనికొస్తాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం కొన్ని లెక్కలు చెప్పింది. ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించి ఆడాలట. ఏడాది వయసువాళ్లకి ఫోనూ టీవీ అసలు వద్దట. రెండు దాటినవాళ్లకి గంట మించకూడదట. మా అపార్ట్‌మెంట్‌లో ఈ అంకెలు రెండూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. కాకపోతే ఇది దానికీ అది దీనికీ వేసుకున్నారు. ఆ గంటసేపు కదలిక కూడా ఊరికే రాదు, పప్పన్నం గిన్నె పట్టుకుని మెట్ల మీద తరిమితే వస్తుంది.

ఏటికొప్పాక బొమ్మలు లేని ఇల్లు మాలో లేదు. అంకుడు కర్ర, లక్క పూత, చెట్ల నుంచి తీసిన రంగులు. పసివాళ్ల చేతికిస్తే ఎంత బావుంటాయో అని అందరూ ఒప్పుకుంటారు, షోకేసు అద్దం ఇవతల నిలబడి.

ఈ క్రమశిక్షణకి పెద్ద అడ్డంకి పల్లెల నుంచి దిగే మామ్మలు. వాళ్లకి ఖర్చు పెట్టడం తెలీదు. పళ్లెంలో నీళ్లు పోసి, రెండు గ్లాసులు పడేసి, “ఆ నీల్లు ఇందులో పొయ్యి బావూ” అంటారు. గుంటడు అరగంట ఉలకడు పలకడు. వేసవిలో ముంజెలు తినేసిన కాయలు రెంటికి పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి బండి చేసిస్తారు. దానికి బ్యాటరీ లేదు, రిమోట్ లేదు, కొన్నవాళ్ల రివ్యూలు లేవు. ఏ నమ్మకంతో పిల్లవాడి చేతికివ్వాలి? చింతపిక్కలూ జీడిపిక్కలూ మాత్రం మూడేళ్లు దాటేదాకా దగ్గరికి రానివ్వరు, గొంతుకి అడ్డం పడతాయని. నీళ్ల దగ్గర వదిలి లేవరు, పసివాడి ప్రాణానికి బెత్తెడు నీళ్లు చాలని. ఈ చివరి రెండు మాటల్లో వెటకారం లేదు, ఉన్నదున్నట్టు తీసుకోండి.

మరియా మాంటిస్సోరి అనే ఆవిడ 1907లో రోమ్‌లో కూలీల పేటలో పిల్లలకి బడి తెరిచింది. అక్కడి పిల్లలు మంచి మంచి బొమ్మలు పక్కనపెట్టి ఊడవడం, కడగడం లాంటి నిజం పనుల మీద పడుతున్నారని గమనించింది. 1939లో మద్రాసు అడయారు వచ్చి టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చింది. అక్కణ్ణించి ఆవిడ పేరు మన వీధి బోర్డుల మీదికి వచ్చేసింది. చెప్పింది మాత్రం ఇంకా దారిలో ఉన్నట్టుంది, మూడేళ్లవాడికి నాలుగు గీతల కాపీ పుస్తకాలు ముందే చేరిపోయాయి.

ఆమధ్య మా పక్క వాటాలో ఆయన ఒక ప్లేస్కూల్ రంగుల కాగితం పట్టుకొచ్చి వాళ్లమ్మకి చదివి వినిపించాడు. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయించడం, రుమాళ్లు మడత పెట్టించడం, బఠాణీలు ఒలిపించడం, ఏసీ గదిలో, ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లతో. పెద్దావిడ శ్రద్ధగా విని ఒకటే అడిగింది.

“గుంటడు బటాణీలు ఒలిసిపెడితే ఆళ్లేటిత్తారు నాయినా?”

“మనమే కట్టాలమ్మా. రెండు టర్ముల్లో.”