నడివయసుకూ సెలవు కావాలి

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ ఆ లెక్కను 90 గంటలకు చేర్చారు. ఆ రెండు మాటల చుట్టూ రేగిన వాదమంతా పాఠకులకు తెలిసిందే. సమర్థించినవారూ తిట్టిపోసినవారూ కూడా వారాన్నే కొలతగా తీసుకున్నారు. నా అభ్యంతరం ఆ కొలతపైనే. పనికీ ఇంటికీ పొంతన కుదిరిందా లేదా అన్నది వారాల లెక్కలో తేలదు, దశాబ్దాల లెక్కలో తేలుతుంది. ఇరవై అయిదేళ్ళ వయసులో పన్నెండు గంటల పనిని ఉత్సాహంగా చేసిన మనిషికే నలభై రెండేళ్ళు వచ్చేసరికి ఎనిమిది గంటలు కూడా మోయలేనివి కావచ్చు. ఆ ఏడాది కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంటుంది, తండ్రిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్ళాల్సి ఉంటుంది, ఆఫీసులో కొత్తగా టీమ్ బాధ్యత నెత్తిన పడి ఉంటుంది.

ముప్పై అయిదు నుంచి యాభై వరకూ ఉన్న ఈ పదిహేనేళ్ళే అసలు ముడి. ప్రమోషన్లు వచ్చేదీ అప్పుడే, పిల్లల చదువు గట్టెక్కవలసిందీ అప్పుడే, అమ్మానాన్నలు ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలుపెట్టేదీ అప్పుడే. గత తరంలో ఈ భారాన్ని నలుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పంచుకునేవారు, లేదా ఉద్యోగం చేయని కోడలు నోరెత్తకుండా మోసేది. ఇప్పుడు పంచుకునేవారు తగ్గిపోయారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఈనాటి పసిపిల్లలు నడివయసుకు చేరేనాటికి తల్లిదండ్రుల మంచం పక్కన కూర్చోవడానికి వంతులు వేసుకునే తోబుట్టువులే చాలామందికి ఉండరు.

మన చట్టం మాత్రం ఉద్యోగి జీవితంలో ఒక్క దశనే గుర్తించింది, అది కాన్పు. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచడం, యాభై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనడం మంచి పనులే. ఆ 26 వారాలు ముగిశాక ప్రైవేటు ఉద్యోగి ఇంట్లో ఏం జరిగినా చట్టానికి పట్టదు. పైగా 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వారిని పోషించని సంతానాన్ని ట్రిబ్యునల్‌కు పిలుస్తుంది, దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల వరకూ జైలు శిక్ష వేస్తుంది. బాధ్యతను ఇంత గట్టిగా గుర్తించిన రాజ్యం, ఆ బాధ్యత తీర్చుకోవడానికి కావలసిన సమయాన్ని ఎందుకు గుర్తించదు? మందులకు డబ్బు పంపగలిగే కొడుకులు మనకు కొదవలేదు; పక్షవాతం వచ్చిన తల్లికి మొదటి మూడు నెలలు దగ్గరుండి ఫిజియోథెరపీ చేయించగలిగే కొడుకులు ఎంతమంది ఉన్నారు?

ఉద్యోగ జీవితపు పొడవు ప్రకృతి నిర్ణయించింది కాదు, ప్రభుత్వాలు మార్చుతూ వచ్చిందే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. తర్వాత అది మళ్ళీ 58కి చేరింది. ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 61కి పెంచింది. అంటే ఏడెనిమిదేళ్ళ వ్యవధిలోనే మన రెండు రాష్ట్రాలూ ఉద్యోగి సర్వీసుకు మూడు నాలుగేళ్ళు చేర్చాయి. చేర్చిన ప్రతిసారీ చివరన చేర్చాయే తప్ప నడుమ ఒక్క ఏడాదినైనా వదిలిపెట్టలేదు. పిల్లలు స్థిరపడి, ఇంటి అప్పు తీరి, చేతిలో తీరిక ఉన్న అరవై ఏళ్ళ మనిషి దగ్గర అదనపు సేవ తీసుకోవడం సబబే. అలా చివరన తీసుకున్న ఏళ్ళలో ఒకటో రెండో నలభైల్లో వాడుకోనిస్తే ఖజానా కోల్పోయేది పెద్దగా ఉండదు, ఎందుకంటే మొత్తం సర్వీసు తగ్గదు, దాని అమరిక మాత్రమే మారుతుంది.

ఇందుకు నమూనా మన దేశంలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008 నుంచి అమల్లో ఉన్న చైల్డ్ కేర్ లీవ్ సర్వీసు మొత్తం మీద 730 రోజులు. పిల్లలకు పద్దెనిమిదేళ్ళు వచ్చేవరకూ, జ్వరానికైనా పరీక్షలకైనా, అవసరాన్ని బట్టి విడతలుగా వాడుకోవచ్చు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం జీతం ఇస్తారు. ఈ సెలవును రూపొందించినవారు ఒక గొప్ప విషయాన్ని గ్రహించారని నేను భావిస్తాను. కష్టం ఏ ఏడాది వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు గనుక, సెలవును ఒక ఘటనకు ముడిపెట్టకుండా మనిషి చేతికే అప్పగించారు. దీన్ని తల్లిదండ్రుల సంరక్షణకూ, పురుషులకూ, క్రమంగా ప్రైవేటు రంగానికీ విస్తరించడమే ఇప్పుడు చేయవలసిన పని. జపాన్‌లో సంరక్షణ అవసరమైన ఒక్కో కుటుంబసభ్యుడి కోసం 93 రోజుల వరకూ, మూడు విడతలుగా సెలవు తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

చిన్న సంస్థలు తట్టుకోలేవనీ, అసలు సెలవు అన్న మాటే లేని రైతుకూ, ఆటో డ్రైవరుకూ దీనివల్ల ఒరిగేదేమీ లేదనీ అనేవారున్నారు. మొదటి మాటలో నిజముంది గనుకనే ఖర్చును యజమాని ఒక్కడి మీదే వేయకుండా ఉద్యోగులూ యజమానులూ కలిసి చందా కట్టే ఈఎస్ఐ బీమా తరహాలో ఉమ్మడి నిధి నుంచి భరించాలి. రెండో మాటను నేను ఒప్పుకోను. ఎనిమిది గంటల పనిదినం కూడా మొదట ఫ్యాక్టరీ గేటు లోపలే వచ్చింది, అందరికీ ఒకేసారి రాలేదు.

అయితే ఈ సెలవును ఆడవారికే పరిమితం చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది. నా అసలు ఆరాటం ఇక్కడే. 2024 సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2019లో ఆ అంకెలు 299, 97. అయిదేళ్ళలో మగవారి వాటా పెరగలేదు సరికదా, మరో తొమ్మిది నిమిషాలు తగ్గింది. మన మధ్యతరగతి మగవాడు పనికీ ఇంటికీ పొంతన కుదిరిందని అనుకుంటున్నాడంటే, చాలా ఇళ్ళలో దాని వెనుక భార్య వదులుకున్న ఉద్యోగమో, తల్లి వదులుకున్న విశ్రాంతో ఉంటుంది. కూతురికీ కోడలికీ పురుడు పోయడానికి ఆరేసి నెలలు డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ రెండో మనవడికోసం ప్రయాణమయ్యే అరవై ఏళ్ళ అమ్మలను మనం ప్రేమగా తలుచుకుంటాం. ఆ వయసులో వారికంటూ ఒక జీవిత దశ ఉండాలని మాత్రం అనుకోం. స్త్రీకి మాత్రమే సెలవిస్తే ఈ పద్ధతికే ప్రభుత్వ ముద్ర పడుతుంది, ఆడవారిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి సంస్థలు మరింత వెనుకాడతాయి. స్వీడన్‌లో బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చే 480 రోజుల్లో తల్లికి 90, తండ్రికి 90 విడిగా కేటాయిస్తారు. తండ్రి వాడుకోకపోతే అతని వాటా పోతుంది తప్ప తల్లికి బదిలీ కాదు. ఇక్కడా అలాంటి నిబంధన లేకుండా పురుషుల సెలవు కాగితం దాటదు.

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మహిళా ఉద్యోగులకు శిశు సంరక్షణ సెలవు ఇప్పటికే ఉంది, కేంద్రం ఇచ్చేదానికంటే చాలా తక్కువగా. తమ ఉద్యోగుల సెలవు నిబంధనలను సవరించుకోవడానికి రాష్ట్రాలు ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు, ఒక జీవో చాలు. తదుపరి వేతన సవరణ సంఘం (పీఆర్సీ) ముందు ఉద్యోగ సంఘాలు పెట్టే కోరికల జాబితాలో ఫిట్‌మెంట్ (జీతాల పెంపు శాతం), డీఏ (కరువు భత్యం) బకాయిల పక్కనే స్త్రీపురుషులిద్దరికీ, పిల్లలతో పాటు తల్లిదండ్రుల కోసమూ వాడుకోగలిగే సంరక్షణ సెలవు ఉండాలి. ఆ పేజీ మీద సంతకం చేసే నాయకుల్లో అధికులు మగవారే గనుక, అందులో తమ వాటా ఎన్ని రోజులో వారే ముందుగా రాయాలి.