సవరణ: ‘అఓరీటా’ అంటే ‘వెంటనే’ అని రాశాను, పొరపాటు

స్పానిష్ మాట ‘అఓరా’ (ఇప్పుడు) గురించి మొన్న రాస్తూ, దాని ముద్దు రూపం ‘అఓరీటా’కు ‘వెంటనే’ అని ఒకే అర్థం ఇచ్చాను. పైగా ‘అహోరా’ అని రాశాను. స్పానిష్‌లో ఆ ‘హ’ పలకదు.

‘ఈటా’ చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం కాబట్టి ‘ఇంకాస్త ఇప్పుడు’ అయి ఉంటుందని లెక్క కట్టాను. మాటలు లెక్కల ప్రకారం నడవవు. మెక్సికోలో ఎవరైనా ‘అఓరీటా వెంగో’ అని లేచి వెళ్లారంటే, ‘ఇప్పుడే వస్తాను’ అని. ఆ రావడం రెండు నిమిషాల్లో కావచ్చు, గంట దాటవచ్చు. మన ‘ఇప్పుడే వస్తా’ను నమ్మి గుమ్మంలో నిలబడ్డవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. అక్కడే వీధిలో సరుకు అమ్మేవారితో ‘అఓరీటా నో, గ్రాసియాస్’ అంటే మర్యాదగా వద్దనడం. నిజంగా ఈ క్షణమే కావాలంటే ‘అఓరీటా మిస్మో’ అని నొక్కి చెప్పాలి.

నా అర్థం పూర్తిగా తలకిందులయ్యేది కరీబియన్‌లో. ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్‌లలో ‘అఓరీటా’ అంటే సాధారణంగా ‘తర్వాత’. నా పోస్టును నమ్మి అక్కడ ఎదురుచూస్తే కాఫీ చల్లారిపోతుంది.

స్పెయిన్‌లో ఈ రూపం అరుదు. వెంటనే అనడానికి ‘అఓరా మిస్మో’ అంటారు. ‘ఆస్తా అఓరా’కు ‘ఇప్పటివరకు’ అని నేనిచ్చిన అర్థం సరైనదే కానీ, కాసేపట్లో మళ్లీ కలవబోయేవారు సెలవు తీసుకుంటూ కూడా అదే మాట అంటారు. ‘అఓరా బియెన్’లో అయితే కాలం ఊసే లేదు, అది ‘అయితే’.