తల ఊపితే ఒప్పుకున్నట్టేనా?

మా నాన్న ఆక్సిజన్ మీద ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం వార్డులోకి ఇద్దరు వచ్చారు. మాకు తెలిసినవాళ్లు కాదు. పక్క బెడ్ ఆయన్ని చూడ్డానికి వచ్చి, మా దగ్గర కూడా ఆగారు. చాలా మర్యాదస్తులు. ఒకాయన నాన్న చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తన దేవుడి గురించి మెల్లగా ఓ పది నిమిషాలు చెప్పి, "నమ్ముతున్నారా?" అని అడిగాడు. నాన్న తల ఊపారు. రెండో ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి దిండు కింద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ నాతో, "మీ నాన్నగారు ఒప్పుకున్నారు, మీరు అదృష్టవంతులు" అన్నాడు.

ఆ వారం నాన్న దేనికైనా తల ఊపేవారు. కిటికీ వెయ్యనా అంటే ఊపేవారు. వేశాక, మళ్లీ తియ్యనా అంటే దానికీ ఊపేవారు. నర్సు "నొప్పి తగ్గిందా?" అంటే ఊపారు, పది నిమిషాలకి డాక్టర్ వచ్చి "నొప్పి ఎక్కువగా ఉందా?" అంటే అదే ఊపుడు.

వాళ్లది ఏ మతమో చెప్పను. చెబితే ఆ మతమంటే పడనివాళ్లంతా నాకు వత్తాసుగా వచ్చేస్తారు. ఆ వత్తాసు నాకొద్దు. ఆ మతం వాళ్లేమో "మావాళ్లు అలా చెయ్యరు" అంటారు. చేస్తారండీ. అందరిలోనూ చేసేవాళ్లున్నారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మత ప్రచారం తప్పని నేను అనడం లేదు. నీకు నిజమని తోచింది పక్కవాడికి చెప్పడం నీ హక్కు. ఆ మాటకొస్తే రాజకీయాలు, డైట్లు, ఏ ఫోన్ కొనాలి, పిల్లల్ని ఎలా పెంచాలి అంటూ మనం పొద్దున లేస్తే ఎవరో ఒకర్ని మార్చే పనిలోనే ఉంటాం. ఒక్క మతం దగ్గరికి రాగానే నోరు కుట్టేసుకోవాలంటే అదేం న్యాయం?

ప్రచారం చేసేవాళ్ల పక్షాన గట్టి వాదన కూడా ఉంది. పక్కింటికి నిప్పంటుకుంటే తలుపు బాది లేపవా? లేపకపోతే నువ్వు మనిషివేనా? నరకం ఉందని మనస్ఫూర్తిగా నమ్మేవాడు నోరు మూసుకుని కూర్చుంటే వాడే స్వార్థపరుడు. ఈ వాదన అంటే నాకు గౌరవమే. అలా నమ్మి వచ్చి తలుపు కొట్టేవాణ్ని నేను తిట్టను. కానీ నిప్పంటుకుంటే ఏం చేస్తాం? చూపిస్తాం. వాడు "పొగే కదా" అంటే వాదిస్తాం. అంతేగానీ నిద్రమత్తులో ఉన్నవాడి చేత వేలిముద్ర వేయించుకుని, మోసుకుంటూ బయటికి తెచ్చి, "తనే నడిచొచ్చాడు" అని ఊరంతా చాటం.

"మా ఉద్దేశం మంచిది" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఎద్గార్దో మొర్తారా గుర్తొస్తాడు. 1858, ఇటలీలోని బొలోన్యా. అప్పుడది పోప్ ఏలుబడిలో ఉంది. ఒక యూదు కుటుంబం ఇంటికి రాత్రిపూట పోలీసులొచ్చి, ఆరేళ్ల పిల్లాణ్ని తీసుకెళ్లారు. కారణం ఏంటంటే, వాడు పసికందుగా ఉన్నప్పుడు జబ్బు చేసింది. ఇంట్లో పనిచేసే అమ్మాయి, వాడు బాప్తిస్మం లేకుండా చచ్చిపోతే ఏమైపోతాడో అని భయపడి, ఎవరికీ తెలియకుండా నాలుగు చుక్కల నీళ్లు చల్లింది. ఆ నీళ్లతో వాడు క్రైస్తవుడైపోయాడు, క్రైస్తవ బిడ్డని యూదుల ఇంట్లో పెంచకూడదు, అదీ అక్కడి చట్టం. తల్లిదండ్రులు కాళ్లావేళ్లా పడ్డారు. దేశదేశాల్లో గగ్గోలు పుట్టింది. పోప్ తొమ్మిదో పయస్ పిల్లాణ్ని తిరిగి ఇవ్వలేదు.

ఆ అమ్మాయి దుర్మార్గురాలు కాదు. పిల్లాడి మీద ప్రేమతోనే చేసింది. ఎద్గార్దో పెద్దయ్యాక ఇష్టపడే క్రైస్తవ గురువయ్యాడు, 1940లో చనిపోయేదాకా అదే బతుకు బతికాడు. అంటే చేసినామె మనసు మంచిది, మారినవాడు సంతోషంగానే ఉన్నాడు. మరి తప్పెక్కడుంది? అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "వద్దు" అనడానికి వాడికి నోరు కూడా రాని వయసులో ఆ పని జరిగిపోయింది. తప్పు అక్కడుంది. ఆ తర్వాత వాడు ఎంత సంతోషంగా ఉంటే మాత్రం ఆ మొదటి రోజు ఒప్పయిపోతుందా?

నా లెక్క చాలా సింపుల్. అవతలి మనిషి "వద్దండీ" అనగలడా? అన్నాక అతనికేమైనా పోతుందా? ఏమీ పోదు అంటే రోజంతా చెప్పుకోండి. ఏదైనా పోతుందంటే, అది జీతమో, మందో, మార్కులో, ఇంట్లో చోటో, అక్కడ మీరు చేసేది ప్రచారం కాదు.

ఈ తేడాని కోర్టులు కూడా పట్టుకున్నాయి. గ్రీసులో పరాయి మతంలోకి మారమని వెంటపడడం 1938 నుంచి నేరం. మినోస్ కొక్కినాకిస్ అని ఒకాయన ఉండేవాడు, క్రీట్ దీవి వాడు, ఇంటింటికీ తిరిగి ప్రచారం చేసే "యెహోవా సాక్షులు" అనే క్రైస్తవ శాఖ మనిషి. ప్రచారం చేశాడని ఆయన్ని జీవితంలో అరవై సార్లకు పైగా అరెస్టు చేశారు. అరవై! 1986లో భార్యతో కలిసి ఒకావిడ ఇంటికెళ్లి మతం గురించి మాట్లాడాడు. ఆవిడ భర్త అక్కడి చర్చిలో పాటలు పాడేవాడు, పోలీసులకి చెప్పాడు. గ్రీసు కోర్టులు కొక్కినాకిస్‌ను దోషి అన్నాయి. 1993లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. తలుపు తట్టి మాట్లాడడం వేరు, ఒత్తిడి పెట్టి లాక్కోవడం వేరు, ఈయన రెండోది చేశాడని మీరు చూపించలేదు కదా అంది.

అదే కోర్టు ముందుకు 1998లో ఇంకో కేసు, అది కూడా గ్రీసుదే. వైమానిక దళంలో ముగ్గురు అధికారులు, పెంతెకొస్తు సంఘం వాళ్లు. తమ కింద పనిచేసే కుర్రాళ్లకీ మతం చెప్పారు, బయట మామూలు జనానికీ చెప్పారు. మాటలు దాదాపు అవే అయ్యుండాలి. కోర్టు దాన్ని రెండు ముక్కలు చేసింది. బయటి జనానికి చెప్పినందుకు శిక్ష వెయ్యడం తప్పు, కింది సిబ్బందికి చెప్పినందుకు శిక్ష వెయ్యడం తప్పు కాదు. ఎందుకంటే పై అధికారి మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్లిపోవడం కింద ఉన్నవాడికి కుదరదు. బయట మామూలు కబుర్లలా ఉండేదే అక్కడ వేధింపులా తగులుతుంది.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు పాత ఆఫీసు గుర్తొచ్చింది. మా మేనేజర్ ప్రతి సోమవారం మీటింగ్ చివర్లో తన గురువుగారి ప్రవచనం ఒక ఐదు నిమిషాలు వినిపించేవాడు. "ఇష్టం లేనివాళ్లు వెళ్లొచ్చు" అనేవాడు కూడా, పాపం. ఒక్కరం లేచేవాళ్లం కాదు. అప్రైజల్ పెట్టుకుని ఎవడు లేస్తాడు? ఆయనేమో టీమ్ అంతటికీ భక్తి కుదిరిందని మురిసిపోయేవాడు.

సహాయం చేసే చోట ఇది ఇంకా దారుణం. వరదో భూకంపమో వచ్చి ఇల్లు పోయినవాడు లైన్లో నిలబడి ఉంటాడు. ముందు ప్రార్థన, తర్వాత దుప్పటి. లేదా ముందు దుప్పటి, తర్వాత "రేపు మీటింగ్‌కి రండి". రెడ్‌క్రాస్, రెడ్‌క్రిసెంట్ ఉద్యమం, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో తమకి తాము ఒక నియమావళి రాసుకున్నాయి. సహాయాన్ని ఏ మతం కోసమూ, ఏ రాజకీయం కోసమూ వాడకూడదన్నది అందులో ఒకటి. క్రైస్తవుల్లోనే మూడు పెద్ద వ్యవస్థలు, వాటికన్ విభాగం ఒకటి, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి, 2011లో కలిసి ఒక పత్రం తెచ్చాయి. పేదరికాన్నీ అవసరాన్నీ ఎర వెయ్యొద్దని వాళ్లే తమవాళ్లకి చెప్పుకున్నారు. అంటే ఇది బయటివాళ్లు కట్టిన అభాండం కాదన్నమాట.

స్నేహం ముసుగు గురించి రెండు ముక్కలు. "పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాస్" అని పిలిచి, మూడో వారం అసలు సంగతి బయటపెట్టేవాళ్లు ఉంటారు. నిజం చెప్పడానికి వచ్చినవాడు అబద్ధంతో మొదలుపెట్టడమేంటో నాకు ఈ జన్మకి అర్థం కాదు.

ఇప్పటిదాకా చదివి "బాగా చెప్పావ్" అనుకుంటున్నవాళ్లలో కొందరికి ఇకపై నచ్చకపోవచ్చు. లాక్కురావడం ఎంత తప్పో, వెళ్లేవాణ్ని కట్టిపడెయ్యడం కూడా అంతే తప్పు. మతం మారితే మరణశిక్ష అని చట్టం రాసుకున్న దేశాలు ఇప్పటికీ ఉన్నాయి. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణలో మతం మార్చుకునే స్వేచ్ఛ అని స్పష్టంగా రాశారు. సౌదీ అరేబియా ఓటెయ్యకుండా తప్పుకుంది, దాని అభ్యంతరాల్లో ఈ "మార్చుకునే" అన్న మాట ఒకటి. అదే ఐక్యరాజ్యసమితి 1966లో తెచ్చిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికకి వచ్చేసరికి ఆ మాట పోయి, "నచ్చిన మతాన్ని కలిగి ఉండడం, స్వీకరించడం" అని మెత్తబడింది. చట్టాలదాకా ఎందుకు, "మారితే మా గుమ్మం తొక్కకు, ఆస్తిలో పైసా రాదు" అనే తండ్రి చేసేదేంటి? దుప్పటి ఆశ చూపి పిలిచేవాడికీ, ఆస్తి తీసేస్తానని ఆపేవాడికీ తేడా ఏమైనా ఉంటే చెప్పండి.

ఇంకొకటి నాకు ఒళ్లు మండే మాట. పేదవాడు మతం మారగానే "డబ్బులకి మారాడు" అంటారు. అదే డబ్బున్నవాడు మారితే "ఆధ్యాత్మిక అన్వేషణ". పేదవాడికి బుర్ర ఉండదా? అవమానాలు భరించలేక వెళ్లి ఉండకూడదా? అంబేడ్కర్ 1935లో యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని ప్రకటించారు. నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్లు. ఎన్ని మతాలవాళ్లు మా దగ్గరికి రండి అని ఆయన వెంట తిరిగారో! ఆయన చదువుకుని, బేరీజు వేసుకుని, తనంతట తను వెళ్లారు. మతం మారడమంటే ఎవరో మార్చడమే అనుకునేవాళ్లు ఈ 21 ఏళ్లని ఎక్కడ పెడతారు?

సరే, నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఇరవై రెండేళ్లప్పుడు నేను కొత్తగా నాస్తికుణ్నయ్యాను. కొత్త మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహం ఎలా ఉంటుందో తెలుసుగా, అంతకి రెట్టింపు. మా అత్తయ్యకి భర్త పోయి పది రోజులు కూడా కాలేదు. ఆవిడ దేవుడి పటం ముందు కూర్చుని, "ఆయన్ని బాగా చూసుకో" అంటోంది. నేను పక్కనే కూర్చుని, ఆత్మ ఎందుకు లేదో, మెదడు ఆగిపోతే మనిషి ఎందుకు ఉండడో పూర్తిగా వివరించాను. మంచి పాయింట్లే. ఇప్పటికీ వాటిలో చాలావరకు నమ్ముతాను.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. అంతా విని, "నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు నాన్నా. ఇప్పుడెందుకు చెప్పావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ వాదించలేని స్థితిలో ఉందనే చెప్పాను కదా. మామూలు రోజుల్లో అయితే నన్ను ఒక్క మాటతో కూర్చోబెట్టేది. వార్డులోకి వచ్చిన ఆ ఇద్దరి మీద నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, వాళ్లు నాకు కొత్తవాళ్లేం కాదు.

నాన్న కోలుకున్నారు. ఇంటికి తెచ్చిన సామాన్లలో ఆ చిన్న పుస్తకం కూడా ఉంది. నేను పారెయ్యబోతే ఆగమని, కళ్లజోడు పెట్టుకుని, మూడు రోజుల్లో మొత్తం చదివేశారు. పెన్సిల్‌తో అక్కడక్కడా గీతలు పెట్టారు. ఒకచోట "ఇది ఎలా?" అని రాశారు, ఇంకోచోట "బాగుంది" అని.

"వాళ్లని ఒకసారి రమ్మనరా, కొన్ని అడగాలి" అన్నారు. పుస్తకం వెనకాల ఫోన్ నంబర్ ఉంటే నేనే చేశాను. మా నాన్నగారు కోలుకున్నారు, మీతో మాట్లాడాలంటున్నారు, చాలా సందేహాలున్నాయట అని చెప్పాను. తప్పకుండా వస్తామన్నారు. ఆ వారం నాన్న రోజూ సాయంత్రం పుస్తకం పక్కన పెట్టుకుని హాల్లో కూర్చునేవారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చేశాను.

రాలేదు.